పిన్ని టెస్టు నిద్ర

రిటైరైన మర్నాడే డ్రైవర్ బాబాయ్ చేసిన ఘనకార్యం, సినిమావాళ్ళు వాడి వదిలేసిన కారవాన్ ఒకటి కొనడం. లోపల మంచం, వంటగట్టు, చుట్టూ బల్బులు బిగించిన మేకప్ అద్దం, వెనకాల పెట్టెలో డీజిల్ జనరేటరు. జీవితమంతా బస్సు తోలిన మనిషి ఇక కాళ్ళు బార్లా చాపుకుని కూర్చోవచ్చు కదా అని వీధి వీధంతా చెప్పింది. ఆయన వింటేనా! ఊళ్ళో జనాన్నందరినీ ఎక్కడెక్కడికో చేర్చాడు గానీ, కట్టుకున్నదాన్ని డిపో గేటు దాటించిన పాపాన పోలేదని పిన్ని దెప్పని రోజు లేదు మరి.

పిన్నిది మామూలు చిక్కు కాదు. నిద్రలో ఆవిడకి ఊపిరి ఆగిపోతుంటుంది. డాక్టరు ముక్కుకి తగిలించుకునే మిషనొకటి ఇచ్చాడు. కరెంటుంటేనే అది నడుస్తుంది. ఆవిడ అక్కేమో కొండలకి అవతల ఉంటుంది. రైలు పోదు, దారిలో ఒక రాత్రి ఆగితీరాలి, ఆగే చోట లాడ్జీ లేదు సరికదా కరెంటు స్తంభమైనా లేదు. ఆ అక్కకి మతిమరుపు జబ్బు పట్టుకుంది. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ జ్ఞాపకంలోంచి ఒకళ్ళు జారిపోతున్నారు. ముందు మనవలు పోయారు, తర్వాత పెద్దకోడలు పోయింది. జబ్బు సంగతి ఆవిడకీ తెలుసు. "నువ్వెవరో నాకు తెలిసుండగానే రావే," అంది ఒకరోజు. కారవాన్ కొన్నది అందుకు.

ఇక జనరేటరు సంగతి. మీట నొక్కగానే బ్రహ్మాండంగా లేచేది. కాసేపు నిక్షేపంగా తిరిగేది. తర్వాత రెండుసార్లు దగ్గి, ఠక్కున ఆగిపోయేది. ఎందుకాగిందో చెప్పదు, ఏం కావాలో అడగదు. ఆ దర్జా, ఆ అలక చూసి వీధివాళ్ళు దానికి అల్లుడు అని పేరు పెట్టారు. పిన్ని మాత్రం మర్యాద తప్పేది కాదు. అల్లుడుగారు లేచారా, అల్లుడుగారికి మళ్ళీ కోపమొచ్చిందా అని అడిగేది.

బాబాయ్ ఆయిల్ మార్చాడు. ఫిల్టర్లు మార్చాడు. పంపు విప్పి, కడిగి, మళ్ళీ బిగించాడు. మిగిలిపోయిన ఒక మరమేకు ఎక్కడిదో తెలీక జేబులో వేసుకు తిరిగాడు. గాలి ఆడటం లేదేమోనని పెట్టె తలుపు తీసేశాడు. ఎండ తగులుతోందేమోనని గొడుగు పట్టాడు. అల్లుడు కరగలేదు.

ఇక్కడ డిపో బుద్ధి ఒకటి చెప్పాలి. ఖాళీ బస్సుని తిప్పి చూస్తే అది టెస్టే కాదనీ, లోడుతో తిప్పాలనీ డిపోలో నియమం. ఈ జనరేటరుకి లోడెవరు? పిన్ని. కాబట్టి రోజూ మధ్యాహ్నం పిన్ని కారవాన్‌లో పడుకుని, ముక్కుకి మిషన్ తగిలించుకుని, నిజంగా నిద్రపోవాలి. కళ్ళు మూసుకుని నటిస్తే బాబాయ్ ఒప్పుకోడు.

దాంతో వీధికి కొత్త పని పడింది. పిన్ని పడుకుందంటే ఎదురింటి టైలరు మిషన్ ఆపేసేవాడు. కూరగాయలమ్మే ఆవిడ ధరలన్నీ చెవిలో చెప్పేది. జనమంతా చెప్పులు చేత్తో పట్టుకుని మునివేళ్ళ మీద నడిచేవాళ్ళు. పక్కనే జనరేటరు పిండిమర మోత మోగుతుంటే ఈ నిశ్శబ్దం ఎవరికోసమని ఒక్కడంటే ఒక్కడికి తట్టలేదు, ఏం చెప్పమంటారు! కిటికీలోంచి తొంగిచూసి "పట్టిందా?" అని ఒకరు సైగ చేస్తే, "ఇప్పుడే పట్టింది" అని ఇంకొకరు. అంతలో రెండు దగ్గులు, ఆపైన ఠక్కు. ఆ మోత ఆగడంతోనే పిన్ని ఉలిక్కిపడి లేచి, మాస్కు పీకేసి, మొగుణ్ణీ అల్లుణ్ణీ కలిపి తిట్టేది.

ఇలా వారాలు గడిచాయి. ఒకరోజు ఫోన్లో అక్క, ఏ చెల్లివి అని అడిగింది. ఉన్నది ఒక్కతే చెల్లి. కాసేపటికి గుర్తొచ్చి ఆవిడే నవ్వేసింది గానీ, పిన్ని ఫోన్ పెట్టేసి మెట్టు మీద కూలబడి బావురుమంది.

"ఇంకొక్కసారి చూస్తాను," అంది ముక్కు తుడుచుకుని. "రేపు కూడా ఇది ఆగిందంటే మిషన్ లేకుండానే బయల్దేరతాను. ఊపిరి ఆగితే ఆగనీ."

బాబాయ్‌కి ఆవిడ అంత పనీ చేసే మనిషని తెలుసు. మర్నాడు ఎప్పట్లాగే డబ్బా తెచ్చి ట్యాంకులో కాస్త డీజిల్ పోశాడు. పిన్ని పడుకుంది, వీధి ఊపిరి బిగబట్టింది. రెండు దగ్గులు. ఠక్కు.

అప్పుడు జనంలోంచి పైపు ముందుకొచ్చాడు. పైపంటే ఒకప్పటి డీజిల్ దొంగ. డిపోలో రాత్రిపూట బస్సుల్లోంచి గొట్టంతో లాగేవాడు. పళ్ళూడిపోయి గొట్టం పట్టు దొరక్క వృత్తి మానేశాడు. ఇతని పుణ్యమానే బాబాయ్ బతుకంతా ఏ బండిలోనూ పావు ట్యాంకు మించి డీజిల్ నిలవుంచలేదు. నింపితే దొంగలపాలేనని ఆయన లెక్క.

"కొట్టనంటే ఒక మాట చెప్తాను, బాబాయ్," అన్నాడు పైపు. "బండి ఇంజనుకి పోయే గొట్టం ట్యాంకు అడుగుదాకా ఉంటుంది. జనరేటరు గొట్టం పావు దగ్గరే ఆగిపోతుంది. రాత్రంతా ఏసీ వేసుకున్నా తెల్లారి ఇంటికెళ్ళడానికి డీజిల్ మిగలాలని అలా పెడతారు. నువ్వు పోసే డబ్బా అయిపోగానే అది గాలి పీలుస్తోంది."

"నీకెలా తెలుసురా?"

"నువ్వు బండి కొన్న వారమే పాత అలవాటుకొద్దీ వచ్చి, జనరేటరు గొట్టం ఊడదీసి లాగి చూశాగా. గాలి తప్ప ఏమీ రాలేదు."

బాబాయ్‌కి వాణ్ణి తన్నాలో కావలించుకోవాలో అర్థం కాలేదు. కారవాన్ లోపల్నుంచి పిన్ని నవ్వు వినిపించింది. ఆ నవ్వులో మెచ్చుకోలు లేదు.

బంకులో డీజిల్ ముల్లు చివరిదాకా పోయేలోపల ఆయన రెండుసార్లు చాలు చాలనబోయాడు. ఆ రాత్రి నిండు ట్యాంకుకి పైపునే కాపలా పెట్టాడు. పైపు హాయిగా గుర్రుకొట్టాడు. పైపుకి కాపలాగా బాబాయ్ తెల్లవార్లూ మేలుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం పడుకున్న పిన్నిని దీపాలవేళ తట్టి లేపాల్సొచ్చింది. జనరేటరు ఇంకా తిరుగుతూనే ఉంది.

తెల్లారి బయల్దేరారు. కొండమీద ఆగిన చోట పిన్ని ఒళ్ళెరగకుండా నిద్రపోయింది. రెండోరోజు పొద్దెక్కేసరికి అక్క గుమ్మం ముందు బండి ఆగింది.

అక్క అరుగు మీదే కూర్చునుంది. "వచ్చావుటే చెల్లీ!" అంటూ లేచి పిన్ని మొహాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తీసుకొచ్చాను చూశావా అన్నట్టు బాబాయ్ రెండు సంచులు మోసుకుంటూ, వదినగారి పలకరింపు కోసం నవ్వు సిద్ధం చేసుకుని దగ్గరికొచ్చాడు.

అక్క ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నీ డ్రైవరు నెమ్మదస్తుడిలా ఉన్నాడే," అంది చెల్లితో. "ముందు అతనికి అన్నం పెట్టాలి. పాపం, ఎంత దూరం తోలాడో."

పిన్ని నోరు తెరిచింది. బాబాయ్ వద్దని కళ్ళతోనే చెప్పాడు. ట్యాంకు మొదటి వారమే నింపి ఉంటే తనూ ఈ గుమ్మంలో చుట్టమై ఉండేవాడు. సంచులు కింద పెట్టి కాస్త వంగి నిలబడ్డాడు.

"ఆకలిగానే ఉందమ్మగారూ," అన్నాడు.

పళ్ళెం అందుకుని బయట మెట్టు మీద కూర్చున్నాడు. అక్క పిన్నిని పక్కకి తప్పించి, తనే వడ్డించింది. ఇంకొంచెం పెట్టించుకో నాయనా, మొహమాటపడకు అని రెండుసార్లు చెప్పింది.