గౌతమి-7కు స్రాంగు

త్రిమూర్తులు గారిని రెండేళ్ల క్రితం బోటు స్టీరింగ్ ముందు నుంచి లేపేశారు. లేపింది గిట్టనివాళ్లెవరో కాదు, ముప్ఫై నాలుగేళ్లు ఆయన చేతుల్లో బోటు పెట్టి నిశ్చింతగా నిద్రపోయిన ఓనరు గంగాధర్ గారే. షుగరు ఎడమ కంటిని తినేసింది, ఇక ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకోమన్నారు. మాటలో తప్పు లేదు, నిజమే. కానీ ఉప్పాడలో స్రాంగుగా, అంటే బోటు నడిపించే పెద్దగా, అంతకాలం బతికిన మనిషికి ఇసుకలో చతికిలబడి చిరుగులు కుట్టుకోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా! మళ్లీ ఒక్కసారి ఆ చక్రం పట్టుకోవాలి. ఆయనకున్న కోరికల్లా అదే.

అలాంటి చక్రం కోసమే ఒకరోజు జానకిరామ్ వచ్చాడు. ఇంజనీరింగ్ చదివి, లక్షణమైన ఉద్యోగం వదిలేసి యూట్యూబులో కథలు తీస్తున్నాడు. యానాం దారిలో ఖాళీగా పడున్న రొయ్యల మేత గోడౌన్‌లో అట్టలూ, థర్మోకోలూ పెట్టి ఒక అంతరిక్ష నౌకే కట్టేశాడు. దాని పేరు గౌతమి-7.

"మీ ఇంట్లో పాత బోటు చక్రం ఉందంటండి. నాలుగు రోజులు ఇస్తారా?"

"ఇస్తాను బాబూ. తిప్పేదెవరు?"

"ఎవరో ఒకర్ని కూర్చోబెడతామండి."

"ఎవరో ఒకరేంటండి? చక్రంతో పాటు నేనూ వస్తాను."

లోపల చేపలు తోముతున్న భార్య నూకరత్నం పకపకా నవ్వింది. "ఎల్లు మావా, ఎల్లు! ఆకాశంలో చేపలు పడితే నాకో గంపెడు పట్రా."

గోడౌన్‌లో అడుగుపెట్టగానే జానకిరామ్ ఎవరి చోటు ఏదో చూపించాడు. మధ్యలో ఎత్తు కుర్చీ కెప్టెన్‌ది. అందులో దుర్గాశ్రీ కూర్చుంది. కాకినాడలో పిల్లలకు లెక్కలు చెప్పే టీచరమ్మ ఆవిడ. ఆమెకు ముందు నౌక నడిపేవాడు, అతని పక్కన దారి లెక్కగట్టేవాడు. వెనకాల హెడ్‌ఫోన్లు పెట్టుకుని కబుర్లు అందుకునేవాడు, ఇంజన్ చూసే ఉదయ్‌కుమార్, గోడవారగా డాక్టరు.

"ఇంతమందేంటి బాబూ? మా బోటులో దారి చూసేదీ నేనే, ఫోను మాట్లాడేదీ నేనే. సరే గానీ, వంటవాడేడీ?"

"వీళ్లు మాత్రలు మింగుతారండి."

"అయితే మీ దగ్గర మనుషులు నిలవరు," అనేసి ఆయన వెళ్లి చక్రం ముందు కూర్చున్నారు. చెక్కని తడిమి చూసుకున్నారు. ఆ క్షణాన ఆయనంత సుఖంగా ఉన్న మనిషి రెండు గోదావరి జిల్లాల్లో ఇంకొకరు లేరు.

షూటింగ్ మొదలైంది. "ఉల్కలొస్తున్నాయి! ఎడమకు తిప్పండి!" అని కెప్టెన్ అరిచింది. త్రిమూర్తులు గారు ముందు మెడ తిప్పి వెనక్కి చూసి, ఆ తర్వాత చక్రం తిప్పారు. కట్! మళ్లీ తీశారు. మళ్లీ వెనక్కే చూశారు. ఆరుసార్లు ఇదే వరస.

"ముందు ఉల్కలొస్తుంటే వెనక్కి చూస్తారేంటండీ?"

"వెనక వల ఉంటది కదా బాబూ. చూసుకోకుండా తిప్పితే తాడు నీళ్లలో తిరిగే ఇంజను పంకాకి చుట్టుకుంటది. తాడు పట్టుకున్నోడు నీళ్లలో పడతాడు."

"అంతరిక్షంలో వలేంటండి బాబూ!"

ఇక చూడనని ఆయన ఒట్టేసినంత పని చేశారు. ఏం లాభం? ఏడోసారి మెడ దానంతటదే తిరిగింది. జానకిరామ్‌కి ఓపిక చచ్చిపోయింది. ఉదయ్‌కుమార్‌ని చక్రం ముందుకు పిలిచి, పెద్దాయనతో "మీరు కాసేపు ఆ గోడ దగ్గర నిలబడండి, ఏమనుకోకండి," అన్నాడు.

"తప్పు నాదేలెండి," అని లేచారు త్రిమూర్తులు గారు. బతికున్న సముద్రం మీద నుంచి లేపేశారు సరే, ఆఖరికి థర్మోకోలు ఓడలో కూడా పనికిరాకపోయానే అని ఏడుపొచ్చింది.

ఉదయ్‌కుమార్ చక్రాన్ని సినిమా హీరోలా తిప్పాడు. ఒక్క టేకులో ఓకే. జానకిరామ్ చప్పట్లు కొట్టాడు. దుర్గాశ్రీ మాత్రం కుర్చీ దిగలేదు.

"మళ్లీ తీద్దామండి. పెద్దాయన్నే కూర్చోబెట్టండి."

"బాగానే వచ్చింది కదండీ!"

"ఆయన వెనక్కి చూసినప్పుడు మేమంతా ఉన్నామో లేదో చూసుకుంటున్నారండి. అప్పుడు నాకు ఓడలో ఉన్నట్టుంది. ఇప్పుడు గోడౌన్‌లో ఉన్నట్టుంది."

జానకిరామ్ మొహం చిట్లించి పెద్దాయన టేకులూ, ఇప్పటిదీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన తల తిప్పిన ప్రతిసారీ హెడ్‌ఫోన్ల కుర్రాడు నిటారుగా సర్దుకుంటున్నాడు, డాక్టరు కమ్మీ గట్టిగా పట్టుకుంటున్నాడు. అలా చేయమని వాళ్లకెవరూ చెప్పలేదు. జానకిరామ్ కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"ముప్ఫై నాలుగేళ్లలో ఎంతమంది పడిపోయారండి నీళ్లలో?"

"ఒక్కడూ పడలేదు బాబూ."

జానకిరామ్ స్క్రిప్టు కాగితం తీసి, నౌక నడిపేవాడు వెనక్కి చూడాలనీ, అందరూ చెయ్యెత్తేదాకా తిప్పకూడదనీ, కెప్టెన్ చెప్పినా సరే వినకూడదనీ రాసేశాడు.

త్రిమూర్తులు గారు మళ్లీ కూర్చున్నారు. ఉల్కలొచ్చాయి. కెప్టెన్ అరిచింది. ఆయన వెనక్కి చూశారు. హెడ్‌ఫోన్ల కుర్రాడు చెయ్యెత్తాడు, డాక్టరు ఎత్తాడు, ఉదయ్‌కుమార్ ఎత్తాడు, చివరికి కెప్టెనూ ఎత్తింది. లైటు పట్టుకున్న సత్తిరాజు, సీనులో లేని మనిషి, అతనూ ఎత్తేశాడు. కెమెరా వెనక నిలబడ్డ జానకిరామ్ చెయ్యి కూడా పైకి లేచింది.

ఒక్కొక్కరినీ ఆ మిగిలిన కంటితో చూసుకుని, అప్పుడు త్రిమూర్తులు గారు ఓడను ఎడమకు తిప్పారు.