నీళ్ళలో పిలుపు

చేపలాయన అంటే చేపలు పట్టేవాడో, అమ్మేవాడో అనుకునేరు. కాదు, చూపించేవాడు. ఆయనుండే దీవికి వెనకవైపు, రెండు కొండల మధ్య అలలు లేని చిన్న సముద్రపు వంపు ఒకటుంది. వచ్చినవాళ్ళ ముఖాలకు అద్దాల మాస్కు తగిలించి, ఊపిరి పీల్చుకోవడానికి నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టించి, నీళ్ళమీద బోర్లా తేలుస్తూ అడుగునున్న పగడపు దిబ్బల్నీ చేపల్నీ చూపించడం ఆయన పని. పెళ్ళైన నాటినుంచీ అదే పని. ఇప్పుడు పొద్దున లేచేసరికే ఒళ్ళు హూనమై ఉంటోంది. మోకాళ్ళు ఒక దారి, నడుము ఒక దారి.

ఆయన భార్యది ఒడ్డు. ఈత రానివాళ్ళనూ, నీళ్ళంటే భయపడేవాళ్ళనూ వెంటేసుకుని కొండ అంచు కాలిబాట మీద నడిపిస్తుంది. పైనుంచి చూస్తే వంపు పెద్ద సముద్రంలోకి తెరుచుకునే మొగదల కనిపిస్తుంది. అక్కడ నీటి రంగు నల్లబడిందంటే బయటి గాలి లోపలికి తిరిగిందన్నమాట. కాసేపట్లో ఆ నెమ్మదైన నీళ్ళే మనుషుల్ని రాళ్ళమీదికి ఈడ్చేస్తాయి. బోర్లా తేలేవాడికి ఆ సంగతేం తెలుస్తుంది? అందుకని ఆవిడ గబగబా కిందికి దిగి, రెండు గుండ్రాళ్ళు పట్టుకుని, చేతులు నీళ్ళలో ముంచి టకటకా కొడుతుంది. అరిచిన అరుపు గాలికి పోతుంది గానీ, నీళ్ళలో ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. వినగానే చేపలాయన తనవాళ్ళను తీసుకుని ఒడ్డుకు వచ్చేస్తాడు.

"ఇంట్లో పిలిస్తే పలకడండీ ఈ మహానుభావుడు. నీళ్ళలో పిలిస్తే మాత్రం పరుగెత్తుకొస్తాడు" అని కనబడిన ప్రతివాళ్ళకూ చెప్పి మురిసిపోతుందావిడ.

ఆ మాట అన్నప్పుడల్లా చేపలాయన గుండెల్లో రాయి పడుతుంది. ఆ చప్పుడు ఆయనకు వినిపించడం మానేసి చాన్నాళ్ళైంది మరి!

చెవులు పాడయ్యాయి. గట్టుమీద ఎడమ చెవితో ఎలాగో నెట్టుకొస్తున్నాడు. నీళ్ళలో తల పెడితే మాత్రం లోపల ఒకటే హోరు. పడవకు తాడు కొనాలన్న వంకతో పట్నం వెళ్ళి డాక్టరుకు చూపించుకున్నాడు. "ఇక నీళ్ళలో దిగొద్దు, ఉన్నది కూడా పోతుంది" అన్నాడు డాక్టరు. తాడు కొనుక్కుని ఇంటికొచ్చాడు, నోరు మెదపలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. బావమరిదికి పట్నంలో టైర్ల కొట్టుంది. "వచ్చేయ్ బావా, కౌంటర్లో ఫ్యాను కింద హాయిగా కూర్చుందువుగాని" అని ఎప్పట్నుంచో ప్రాణం తీస్తున్నాడు. పొద్దస్తమానం ఆ రబ్బరు కంపులోనా! ఇంట్లో అలసట, ఒడ్డున అలసట, మంచమెక్కినా అలసటే. ఒంట్లో బరువు దిగేది ఆ నీళ్ళలో ఒక్కచోటే. అదీ పోతే ఇంక తనకేముంది?

అందుకని ఒక ఉపాయం పన్నాడు. నీళ్ళలో దిగేముందు అందరికీ ఒక మాట చెప్తాడు: "టకటకా చప్పుడు వినబడితే తల పైకెత్తి నన్ను చూడండి." వాళ్ళు తలెత్తుతారు, ఆ తలల్ని ఈయన చూస్తాడు. పరాయివాళ్ళ చెవులతో బండి లాగించేస్తున్నాడన్నమాట! తప్పు కదూ? తప్పే. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. ఈ సీజను గడిస్తే చాలు, ఇదొక్కటి గడిస్తే చాలు అనుకుంటూ వచ్చాడు.

ఆ రోజు వచ్చింది ఒక్క జంటే. ఒడ్డున నడవడానికొచ్చిన భర్త కొత్త బూట్లు కరిచి, నడక మొదలవకముందే కుంటుతున్నాడు. భార్యకు నీళ్ళలో ఇదే మొదటిసారి. ఆవిడ ప్రశ్నలకు అంతులేదు.

"షార్కులుంటాయాండీ?"

"లేవమ్మా."

"పాములు?"

"ఉన్నా మీ జోలికి రావు."

"అమ్మో, అంటే ఉన్నాయన్నమాట!"

మాస్కు బిగిస్తే నొప్పి, వదులు చేస్తే నీళ్ళు. పట్టీ తెగితే ముడేశాడు. గొట్టంలో నీళ్ళు పోయి ఆవిడకు పొలమారింది, వీపు తట్టాడు. ఎట్టకేలకు ఆవిడ తేలేసరికి చేపలాయన పని అప్పటికే అయిపోయింది. 'ఇంక చాలురా నాయనా' అనుకుని తనూ ముఖం నీళ్ళలో పెట్టేశాడు. ఎన్నడూ మరవని ఆ ఒక్క మాటా చెప్పడం మరిచిపోయాడు.

దిబ్బమీద పసుపుచారల చేపల గుంపు తిరుగుతోంది. ఆవిడ తల ఎత్తనే లేదు. ఎత్తలేదు గనక అంతా బాగానే ఉందనుకుని చేపలాయన ఇంకా లోపలికి తీసుకెళ్ళాడు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఒక్కసారిగా నీళ్ళు పక్కకు లాగాయి. ఆవిడ గిర్రున తిరిగి రాతికి కొట్టుకుంది. చేపలాయన తలెత్తి చూస్తే మొగదల నల్లగా ఉంది. తన భార్య బట్టలతోనే గుండెలోతు నీళ్ళలో నిలబడి, చేతులు ఊపుతూ గొంతు చించుకుంటోంది. ఎలా ఈదాడో ఆయనకే తెలియదు. వచ్చినావిడ చంక కింద చెయ్యేసి లాక్కొచ్చి ఒడ్డున పడేశాడు. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతోంది గానీ ప్రాణానికేం ఫర్వాలేదు.

"ఏమైందయ్యా నీకు? చేతులు పడిపోయేలా కొడుతున్నా, పట్టదా?" అంది చేపలాయన భార్య.

"విన్నానే. వస్తూనే ఉన్నా, నీటి లాగుడెక్కువై..."

"అయ్యో, అది మీరు కొట్టిందా?" అంది వచ్చినావిడ, మోకాలు పట్టుకుని. "ఎంతసేపట్నుంచో వినబడుతోందండీ. చేపలేవో కొరుకుతున్నాయనుకున్నా. నాకెవరూ చెప్పలేదే!"

భార్య వెళ్ళి మందులపెట్టె తెచ్చింది. గాయానికి కట్టు కట్టింది, కుంటుతున్న ఇద్దర్నీ నీడలో కూర్చోబెట్టి వచ్చింది. రాగానే నీటి అంచున కూర్చుని, "ఏదీ, తల ముంచు" అంది.

"ఇప్పుడెందుకే?"

"ముంచవయ్యా!"

ఒడ్డు దగ్గర మోకాళ్ళమీద వంగి తల ముంచాడు. హోరు, అంతే. ఇంత దగ్గర్లో కొడితేనన్నా ఏదైనా తెలుస్తుందేమోనని చూశాడు. ఏమీ లేదు. ఊపిరి ఆగినంతసేపూ ఆగి లేచాడు.

"బాబోయ్! చెవులు చిల్లులు పడేలా కొట్టావు కదే" అని నవ్వాడు కూడా.

భార్య నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి, ఒట్టి చేతులు.

"నేనింకా రాళ్ళు తీయనే లేదు" అంది.

చేపలాయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "ఇన్నాళ్ళూ నేనెవర్ని పిలిచానయ్యా మరి? నువ్వు నా పిలుపుకే వస్తున్నావని ఊరంతా చెప్పుకున్నానే!"

 ఇక తను సముద్రంలో దిగేది లేదు, అయిపోయింది. దుఃఖం రావాల్సిందే గానీ, ముందు ఒళ్ళంతా నీరసం ముంచుకొచ్చింది. దాచీ దాచీ అలిసిపోయానని అప్పుడే తెలిసిందాయనకు. భార్య సముద్రం వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ ఇంకేదో అంది. అలవాటు కొద్దీ 'ఊఁ' అనబోయి ఆగిపోయాడు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"వినబడలేదే" అన్నాడు. "ఇటు తిరిగి మళ్ళీ చెప్పు."