జమ్మిచెట్ల కంచె దగ్గర కావలి అన్న

ఈసారి దసరా ఇంకా కొద్ది రోజులుందనగా రాయచోటి నుంచి ఫోను వచ్చింది. అవతలి గొంతు కావలి అన్న కూతురిది. “మా నాయన పోయినాడత్తా. పొద్దున లేపితే లెయ్యలేదు. రువైస్‌లో అత్తకు చెప్పండని ముందే చెప్పి పెట్టినాడు” అంది. ఆ అమ్మాయితో కాసేపు మాట్లాడి, ఫోను పెట్టేసి, పొయ్యి మీది పప్పు దించి కుర్చీలో కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద క్యాలెండర్. పండగ మరునాటి శుక్రవారం చుట్టూ ఏడాది మొదట్లోనే నేను గీసుకున్న గుర్తు ఉంది. ఆ గుర్తు పెట్టుకునే అలవాటు నాకు ఆయన వల్ల వచ్చిందే.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలియదు. ఆయన మాకు చుట్టం కాదు. ఆయనది రాయచోటి దగ్గర ముస్లిం కుటుంబం. మేము జగిత్యాల వైపు వాళ్లం, మా ఆయన ఇక్కడ గల్ఫ్‌లో, రువైస్ రిఫైనరీలో పని చేస్తారు. అన్న ఒక అరబ్బు పెద్దమనిషి వేటనేలకు కాపలా ఉండేవాడు. అబుదాబి రోడ్డు మీద చాలాదూరం పోయి లోపలికి తిరిగితే వస్తుంది ఆ నేల. ఇసుక తిప్పలు, మధ్యలో చెట్లు, చుట్టూ నడుమెత్తు తీగ కంచె. యజమాని అక్కడ హుబారా పిట్టలను పెంచి వదిలి, చలికాలంలో డేగలతో వేటాడతాడు. హుబారా అంటే ఏమిటని నేనడిగితే, “మన రోళ్లపాడు తట్టు బట్టమేక పిట్ట ఉంటాదే, దానికి చెల్లెలు” అన్నాడు అన్న.

2004లో దసరా శుక్రవారం వచ్చింది. ఇక్కడ మన పండగ సెలవు రోజున రావడం అరుదు. మా వైపు ఆ సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి ‘బంగారం’ అని పెద్దలకు మొక్కితేనే దసరా అయినట్టు. అరబ్బులు ఘాఫ్ అనే చెట్టు మన జమ్మేనని మా ఆయన దారిలో చూసి గుర్తుపట్టారు. మేమూ, పక్క ఫ్లాటు వాళ్లూ కార్లలో బయల్దేరాం. కంచె ఒకచోట ఇసుకలో సగం కూరుకుపోయి ఉంది. బోర్డు మీద ఉన్నదంతా అరబ్బీ. ఊళ్లో జమ్మిచెట్టు ఎవరిదని ఎవరూ అడగరు. ఆ అలవాటుతోనే కంచె దాటాం. చెప్పులు విడిచి, చెట్టు చుట్టూ తిరిగి మొక్కి, కొమ్మలు విరుస్తుండగా ఒక పికప్ వచ్చి ఆగింది. దాని వెనక తాడుతో కట్టిన పాత లారీ టైరు ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చింది.

దిగినాయనకు యాభై దాటి ఉంటాయి. చేతిలో కర్ర లేదు, నోట్లో కేక లేదు. “పానీ హై?” అని అడిగాడు మొదట. మేము తెలుగులో గుసగుసలాడుకోవడం విని తెలుగులోకి దిగాడు. “నీళ్లుండాయా అమ్మా మీ కాడ?” అది రంజాన్ నెల. ఆయన పెదవులు ఎండి తెల్లబడి ఉన్నాయి. అలా ఉపవాసంతోనే బండిలోంచి నీళ్ల క్యాను దించి మాకు గ్లాసుల్లో పోశాడు. అందరం తాగేదాకా పక్కకు తిరిగి నిలబడ్డాడు. తర్వాత, కొమ్మలు అక్కడే పెట్టేసి, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి పొమ్మన్నాడు.

పక్క ఫ్లాటాయన ఊరుకోలేదు. “ఆకులే గదనే. పండుగ పూట నాలుగు ఆకులు తెంపితే షేకుకు ఏం తక్కువైతది?”

“ఏం తగ్గదు” అన్నాడు అన్న. “ఆకు కోసరం ఒకరొస్తారు, కట్టె కోసరం ఒకరొస్తారు, పిట్ట కోసరం ఇంగొకరు. కంచె దాటే కాలు మీద ఎవరి పేరూ రాసుండదు. ఒక కాలును ఇడిసిపెడితే ఇంగో కాలుకు నేనేం చెప్పల్ల?”

“తెలుగోడివై ఉండి మమ్ములనే వెళ్లగొడతవా?”

“తెలుగోణ్ని గాబట్టే తెలుగులో పొమ్మంటాండా. లేకుంటే అరబ్బీలో పొమ్మందును.”

నాకు నవ్వు ఆగలేదు. కొమ్మలు చెట్టు మొదట్లో పెట్టి వచ్చేశాం. కారెక్కుతుంటే ఆయన కంచె అవతలి నుంచి నన్ను పిలిచి, “చెల్లెలా, వచ్చే ఏడు ముందుగా గేటు కాడికొచ్చి అడుగు. అడిగినోళ్లకు దోవ ఉంటాది” అన్నాడు. ఆ సాయంత్రం ఖాళీ చేతులతోనే ఒకరికొకరం మొక్కుకున్నాం.

మరుసటి ఏడు నెల ముందే మా ఆయన్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లాను. అన్న నా మాట యజమానికి చేరవేశాడు. గేటు పక్క చెట్టు నుంచి గుప్పెడు ఆకు తీసుకోవచ్చని ఆయన ఒప్పుకున్నాడు. అనుమతి వచ్చాక కూడా అన్న మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. తనే కోసుకొచ్చి కంచె మీదుగా నా దోసిట్లో పోశాడు. ఆకుకే అనుమతి గానీ మనుషులకు కాదన్నాడు. పట్టుదల ఎక్కువని మా ఆయన విసుక్కున్నారు గానీ నాకు నచ్చింది. నేను కూడా బజారు నుంచి వచ్చాక చిల్లర లెక్క తేలేదాకా సంచి దింపని మనిషినే.

అప్పటి నుంచి వీలైన శుక్రవారాల్లో ఆయనకు అన్నం, మామిడికాయ పచ్చడి తీసుకెళ్లేవాళ్లం. గేటుకు ఇవతలే ఉన్న ఆయన గది ముందు కూర్చునేవాళ్లం. అప్పుడు తెలిసింది టైరు సంగతి. ప్రతి సాయంత్రం కంచె పొడవునా ఆ టైరు ఈడ్చి ఇసుకను పలక తుడిచినట్టు చేసేవాడు. తెల్లారి చూస్తే ఏ కాలు పడిందో, ఏ చక్రం దొర్లిందో తెలిసిపోతుంది. “మీరు వాకిలి ఊడుస్తారు, నేను ఎడారి ఊడుస్తా. నాకు ముగ్గు దొంగలేస్తారు” అని నవ్వేవాడు. శుక్రవారం సరదాకు బండ్లు ఎగిరించే కుర్రకారు, మేత వెతుక్కుంటూ ఒంటెలు తోలుకొచ్చేవాళ్లు, క్యాంపుకు అడ్డదారి తీసే కూలీలు, ఎవరైనా ఆయన వరస ఒకటే. ముందు నీళ్లు, తర్వాత పేరు, తర్వాత వచ్చిన దారినే బయటికి. వలలు, తుపాకులు పట్టుకొచ్చినవాళ్లకు మాత్రం పోలీసు. దప్పికతో ఉన్నవాడికి న్యాయం చెప్పకూడదు, వాడి చెవికి ఎక్కదు అనేవాడు.

2006 చలికాలంలో ఒక శుక్రవారం ఆయన నమాజు చేసుకుని వచ్చి అన్నం గిన్నె మూత తీస్తుండగా తిప్ప అవతల ఇంజన్ల చప్పుడు వినిపించింది. కంచె తీగ కత్తిరించి రెండు పెద్ద బండ్లు లోపలికి దిగాయి. ముందు బండిలో ఒకాయన చేతి తొడుగు మీద డేగ, దాని కళ్లకు తోలు టోపీ. అన్న మమ్మల్ని గేటు దగ్గరే ఉండమని చెప్పి ఒక్కడే నడుచుకుంటూ వెళ్లి బండికి ఎదురుగా నిలబడ్డాడు. వాళ్లను కూడా ముందు నీళ్లున్నాయా అనే అడిగాడు. వాళ్లు సీసాలు ఎత్తి చూపించి నవ్వారు.

డేగ పట్టుకున్నాయన తాను యజమాని బావమరిదినని హిందీలో చెప్పాడు. పక్కకు తప్పుకోకపోతే ఒక్క ఫోనుతో రేపే వీసా ఖలాస్ అన్నాడు. ఆ వీసా మీదే కడపలో అన్న చిన్న కూతురు నర్సు చదువు నడుస్తోంది, ఆఖరి ఏడు. ఆ సంగతి నాకు తెలుసు.

అన్న హిందీలోనే నిదానంగా జవాబిచ్చాడు. “ఫోన్ చెయ్యండి. అదే ఫోనులో మా మాలిక్‌తో ఒక్క మాట చెప్పించండి. గేటు నేనే తీస్తా, కావా కాఫీ నేనే పోస్తా. అందాకా లేదు.”

బావమరిది ఫోను తియ్యలేదు. డ్రైవరుకు ఏదో చెప్పాడు. బండి కొంచెం కొంచెంగా కదిలి అన్న మోకాళ్లకు తగిలి ఆగింది. అన్న బోనెట్ మీద అరచెయ్యి ఆనించాడు, బెదిరిన ఎద్దు నొసటి మీద పెట్టినట్టు. ఎంతసేపో ఇంజను అలా గుర్రుమంటూనే ఉంది. చివరికి బండి వెనక్కి పోయింది. అంతటితో కూడా అన్న వదల్లేదు. పొదల్లో పిట్టలుంటాయి, వచ్చిన జాడల్లోనే పొండని చేత్తో దారి చూపించాడు. అలాగే పోయారు.

తిరిగొచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపి, తినకుండా గిన్నెలోనే పెట్టేశాడు.

“ఇప్పుడు భయమైతాంది చెల్లెలా.”

“అప్పుడు కాలేదా అన్నా?”

“అప్పుడు పనుండె.”

తర్వాతి సంగతి ఆయన చెప్పగా విన్నాను. యజమాని వచ్చి తెగిన తీగనూ చక్రాల జాడలనూ చూశాడు. నువ్వు చేసింది సరైనదే గానీ నా భార్య తమ్ముడికి అవమానమైంది, ఒక్క క్షమాపణ చెప్పు, ఖలాస్ అన్నాడు. తప్పు చేసి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి, చెయ్యలేదు, కావా పొయ్యమంటే పోస్తానన్నాడు అన్న. యజమాని ఏ సంగతీ తేల్చకుండా బండెక్కి వెళ్లిపోయాడు. అన్న పెట్టె సర్దుకుని తలుపు వెనక పెట్టుకున్నాడు. కత్తిరించిన తీగ ముడేశాడు. ఏ సాయంత్రమూ టైరు ఈడ్వడం మానలేదు. ఉన్నన్నాళ్లు కావలివాణ్ణే కదా అన్నాడు.

మరో శుక్రవారం యజమానితో పాటు ఆ బావమరిది వచ్చాడు, గేటు గుండా. అన్న చిన్న గిన్నెలో కావా పోసి అందించాడు. ఇక్కడ చాలనుకున్నవాళ్లు గిన్నెను కొద్దిగా ఊపుతారు, ఊపేదాకా పోస్తూనే ఉండాలి. ఆయన మళ్లీ మళ్లీ పోయించుకుని తాగి, అన్న ముఖం వైపు చూసి, అప్పుడు ఊపాడు. ఇద్దరిలో ఎవరూ క్షమాపణ మాట ఎత్తలేదు. ఆ సాయంత్రం అన్న పెట్టె విప్పి బట్టలు కొక్కేలకు తగిలించుకున్నాడు. కూతురు ఆ వేసవిలో చదువు పూర్తి చేసింది.

నిరుడు మోకాళ్లు సహకరించక ఆయన ఊరికి వెళ్లిపోయాడు. పోయే ముందు పెషావర్ వైపు నుంచి వచ్చిన కొత్త మనిషికి పని అప్పగించాడు. దసరాకు మా కుటుంబం వస్తుందని ఆయనకు చెప్పి వెళ్లాడట.

ఈ ఏడు పండగ మరునాడు వెళ్లాం. గేటు మూసి ఉంది. కంచె మీదుగా ఒక జమ్మికొమ్మ ఇవతలికి వంగి ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. మేము చెయ్యి చాచలేదు. కాసేపటికి టైరు ఈడ్చుకుంటూ పికప్ వచ్చింది. కొత్త కావలి దిగి, మా పేరైనా అడగకముందే, “పానీ హై?” అన్నాడు.

ఉన్నాయని తలూపాను. మా ఆయనే అన్న పోయిన సంగతి చెప్పారు. కొత్త కావలి గుండె మీద చెయ్యి పెట్టుకుని, తల వంచి, పెదవుల్లోనే ఏదో చదివాడు. తర్వాత లోపలి నుంచి గుప్పెడు ఆకు కోసి తెచ్చి కంచె మీదుగా నా దోసిట్లో పోశాడు.

వచ్చేస్తూ వెనక్కి చూశాను. కంచె పొడవునా ఇసుక సాపుగా ఉంది, కొత్త కావలి అడుగులు తప్ప ఒక్క మనిషి జాడ లేదు. పొదల్లోంచి పిట్ట మూడు వేళ్ల అడుగులు వరసగా వచ్చి, కంచె పక్కన కొంతదూరం నడిచి, తీగ కిందుగా దూరి, ఇవతలి తిప్ప మీదికి ఎక్కిపోయి ఉన్నాయి.