టేపులు ఉన్నాయని చెప్పాను

ఏడేళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. అన్నం దిగుతుంది, నీళ్లు దిగుతాయి, అది మాత్రం కిందికి దిగదు, పైకి రాదు. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే పక్కవీధి టైలరమ్మ రాస్తోంది. చదివే మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది సముద్రం పక్క ఊరు. అత్తింట్లో మగవాళ్లంతా వేటకు పోయేవాళ్లే. నా భర్త ఒక్కడే పడవ వదిలి కారు కొన్నాడు, బాడుగకు తిప్పేవాడు. ఒకరోజు కంకర లారీ మీది నుంచి రాయి ఎగిరొచ్చి ముందద్దానికి తగిలింది. మొదట ఆవగింజంత మచ్చ. ఎండకు అది పాకి పాకి ఈ కొస నుంచి ఆ కొసకు చీలిక అయింది. ఇక అద్దం మార్చక తప్పలేదు.

హైవే పక్కన రేకుల షెడ్డులో అద్దాలు బిగించే మేస్త్రి ఉండేవాడు. నా భర్తను అన్నా అని పిలిచేవాడు. ఆ శుక్రవారం పొద్దున్నే కొత్త అద్దం తెచ్చి మా వాకిట్లోనే బిగించాడు. పాత గమ్ము గీకేసి, కొత్తది పూసి, అద్దం కూర్చోబెట్టి, చుట్టూ వెడల్పాటి టేపులు అంటించాడు. నా భర్త రేవు దగ్గర ఉన్నాడు. అందుకని జాగ్రత్తలన్నీ నాకు చెప్పాడు.

"వదినా, ఈ టేపులు రేపు పొద్దునదాకా తీయబాకండి. గమ్ము ఇంకా పచ్చిగా ఉండాది. నీళ్లు పోయబాకండి. తలుపులు దబాల్న వేయబాకండి, లోపలి గాలి కొట్టి అద్దం జరుగుద్ది. ఈ పక్కద్దం రెండు వేళ్లంత దించి పెట్టినా, అట్టే ఉండనీండి."

"ఏందబ్బా, బాలింతకు పథ్యం చెప్పినట్టు చెప్తా ఉండావే!"

నవ్వాడు. "అంతే అనుకోండి. ఈ ఒక్క రోజు కదిలించబాకండి. బండి తీయొద్దని అన్నకు చెప్పండి, మర్చిపోబాకండి."

"చెప్తాలే, పో."

ఆ మాటలు నాకు అర్థం కాలేదా? అన్నీ అర్థమయ్యాయి. అర్థం కాలేదని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

అతను వెళ్లాక బండిని చూశాను. ఆ టేపులు తల పగిలిన మనిషికి కట్టిన కట్టులా కనిపించాయి. శుక్రవారం పూట వాకిట్లో అలా ఉంటే కీడు అనిపించింది. అద్దం పగిలిన దోషం పోవాలి, పసుపు కుంకుమ పెట్టాలి, అంతే నా తలలో ఉంది. టేపులు పీకాను. రెండు బిందెల నీళ్లు పోశాను. లోపల తడుస్తుందని పక్కద్దం పిడి తిప్పి పైకెత్తాను. తలుపులు గట్టిగా వేశాను. బొట్టు పెట్టేముందు అరచేత్తో రుద్దుతుంటే అద్దం వెంట్రుకవాసి జారింది. నా చేతికి తెలిసింది. అంచున నల్లటి గమ్ము పొంగింది. కొంగుతో తుడిచేశాను. టేపులు ఉండచుట్టి నీళ్ల పొయ్యిలో వేశాను.

మధ్యాహ్నం నా భర్త పరుగున వచ్చాడు. కోవూరు వాళ్లెవరో రాకెట్టు చూడ్డానికి శ్రీహరికోట పోవాలట. "మేస్త్రి ఏమన్నా చెప్పినాడామ్మే?" అని అడిగాడు. చెబితే టేపుల సంగతి చెప్పాలి. నీ చేతులు ఊరికే ఉండవే అని పదిమందిలో తిడతాడు. ఒక తిట్టుకు భయపడ్డాను. ఒక్క తిట్టుకు. "ఏం చెప్పలేదు" అన్నాను.

కోవూరు చేరనే లేదు. వెనకొచ్చిన ఆటోవాళ్లు చెప్పారు, హైవే మీద గుంతలో బండి ఎగిరినప్పుడు అద్దం పైఅంచు ఊడి లేచిందట, ఆయన బెదిరి స్టీరింగ్ తిప్పేశాడట. బండి డివైడర్‌ను గుద్దుకుంది. అద్దం ఉండాల్సిన చోటు నుంచి ఆయన బయటికి వచ్చి పడ్డాడు. అక్కడే ప్రాణం పోయింది.

మా మరుదులు మేస్త్రిని కొడుతూ నా ముందుకు ఈడ్చుకొచ్చారు. పెదవి చిట్లి రక్తం కారుతోంది. అతను నన్ను అడిగింది ఒక్కటే.

"బండి పోయేటప్పుడు టేపులు ఉండాయా వదినా?"

"ఉండాయి" అన్నాను.

ఆ ఒక్క మాటతో అతని పని అయిపోయింది. బండి తీయొద్దన్న మాట మా ఆయన వినలేదనుకున్నాడు, అయినా టేపులు ఉండి కూడా అద్దం ఊడిందంటే గమ్ము పూసిన తన చేతులదే తప్పని నమ్మాడు. షెడ్డు మూసేశాడు. ఇప్పుడు రేవులో ఐసు పెట్టెలు మోస్తాడు. ప్రతి సోమవారం నా బీపీ మాత్రలు నెల్లూరు నుంచి తెచ్చిస్తాడు. గడప దాటి లోపలికి రాడు. వద్దంటే, నేనింకా క్షమించలేదని కుమిలిపోతాడు. తీసుకుంటే, అతని ఏడుపు తిని బతుకుతున్నట్టు ఉంటుంది. మరి ఎందుకు చెప్పలేదు? మరుదులకు భయపడి అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అదొక్కటే కాదు. నా గేటు తీసే మనిషి అతనొక్కడే. నిజం చెబితే ఆ ఒక్కడూ రాడు.

పోయిన సోమవారం మాత్రలిచ్చి నిలబడిపోయాడు. నెల్లూరులో అద్దాల షాపువాళ్లు పనికి పిలిచారట. "మళ్లీ అద్దం ముట్టుకోవాలంటే బయంగా ఉండాది వదినా. మీరు సరేనంటేనే పోతా" అన్నాడు. నేను తల తిప్పుకుని "నీ ఇష్టం" అన్నాను. వద్దన్నానని అనుకున్నాడు. అలాగే అనుకుంటాడని నాకు తెలుసు.

అతన్ని రెండోసారి కూడా నేనే కొట్టినట్టయింది.

రేపు సోమవారం. ఒక కాగితం మీకు, ఇంకోటి అతనికి. అతనికి చదువు వచ్చు. చదివాక తిడతాడో, మాత్రలు విసిరేసి పోతాడో, షాపుకు పోతాడో నాకు తెలియదు. క్షమించమని రాయనా అని టైలరమ్మ అడిగింది. వద్దన్నాను. అది కూడా అతని మీద మోపే బరువే.

ఒక్క ముక్క చదివి వినిపించమన్నాను. చదివింది. టేపులు లేవు, పీకింది నేనే. వేరే మనిషి గొంతులో ఆ మాట వినడం ఇదే మొదలు. ఇంకోసారి చదవమన్నాను.