కనకాంబరాలు తాగిన నీళ్ళు

ఎనభైల మొదట్లో మా అక్క వినుకొండ దగ్గర ఒక ఊళ్ళో టీచరుగా ఉండేది. పత్రిక పనిమీద ఆ వైపు వెళ్ళినప్పుడల్లా వాళ్ళింట్లో ఆగేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఊరు పల్చటి ఎర్రపొర వెనక నుంచి కనబడుతుంది. కల్లాల్లో మిరపకాయలు, బళ్ళు పోయాక చాలాసేపు వాలని దుమ్ము, ఎటూ కదలని మబ్బులు.

అక్కడి బోరింగు నీళ్ళు అద్దంలా ఉండేవి. అయినా వాటిలోని ఫ్లోరైడు వల్ల ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకు గారపళ్ళు. అక్క అత్తగారు నవ్వొస్తే పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. బళ్ళో ఆడపిల్లలైతే పద్యం అప్పజెప్పేటప్పుడు కూడా చెయ్యి తీసేవాళ్ళు కాదు. అక్కకు అప్పుడు ఏడాది నిండిన కూతురు. పాలపళ్ళ తర్వాత వచ్చే పళ్ళు చిగురు లోపల అంచు నుంచి మొదలై ఆ వయసులోనే కడతాయట. ఆ పిల్ల నోరారా నవ్వాలన్నదే అక్క పట్టుదల.

గుంటూరులో తనకు కెమిస్ట్రీ చెప్పిన మేష్టారు ఒక ఉపాయం చెప్పారు. ఎర్రమట్టిని ఉండలు చేసి, కాల్చి, కుండలో సగందాకా వేయాలి. సాయంత్రం నీళ్ళు నింపి తెల్లారేదాకా కదపకూడదు. నీళ్ళలోని చెడు కొంతైనా మట్టికి పట్టుకుంటుంది. పాతబడిన ఉండలు తీసి కొత్తవి వేయాలి. అక్క ఓపిగ్గా చేసేది. నీళ్ళు పోయగానే కుండకు చెవి ఆనిస్తే, ఉండలు తడి పీల్చుకునే సన్నటి చప్పుడు. ఎక్కడో దూరంగా వాన మొదలైనట్టుండేది.

ఒక ఆదివారం పొద్దు పొడుస్తుండగా వరండాలో మెలకువ వచ్చింది. మంచులో అత్తగారు ఆ కుండను కనకాంబరం మొక్కల మొదట్లో మెల్లగా వంచుతోంది.

"అదేంటత్తయ్యగారూ, ఆ నీళ్ళు పారబోస్తున్నారు?"

"రాత్రి నీళ్ళు గదా అబ్బాయ్, నిలవయి. మొక్కలన్నా తాగుతయ్."

మాటలు విని అక్క బయటికి వచ్చింది. "రోజూ ఇంతేనా? మరి పాపకేం పడుతున్నారత్తయ్యా?"

"అప్పటికప్పుడు బోరింగు కొట్టి తెచ్చినయ్యే. చంటిదానికి నిలవ నీళ్ళు పొయ్యటానికి నాకేమన్నా మతిపోయిందా?"

నిలవ నీళ్ళు పారబోసి, కుండ కడిగి, కొత్త నీళ్ళు పట్టడం ఆ ఇళ్ళల్లో పొద్దుటి మొదటి పని. అలా నెలల తరబడి మంచినీళ్ళు కనకాంబరాలకు పోయాయి. అక్క గడపమీద కూలబడింది.

"అదీ మీలాగే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాలా?"

ఆవిడ చర్చి నుంచి వచ్చాక కుండ దగ్గరే చాలాసేపు నిలబడింది.

"అమ్మాయ్, పొద్దున్నే పోస్తే సాయంత్రానికి అవుద్దా? పగటి నీళ్ళు నిలవ కాదుగా."

"అవుతుంది. మరి తెల్లారి తాగేవో?"

"మూతపెట్టి ప్రార్థన చేస్తాలేవే!"

అప్పటికి అక్క నవ్వింది.

పాలపళ్ళు ఊడి పిల్లకు కొత్తవి వచ్చిన ఏడు మళ్ళీ వెళ్ళాను. అత్తగారు దాని గడ్డం పట్టుకుని ఎండకేసి తిప్పింది. ముందుపళ్ళ అంచున సన్నటి పసుపు గీత. ఆ పైన చిగురుదాకా తెలుపు.

"ఆ గీత నాది అబ్బాయ్," అంది. "మిగతాదంతా మీ అక్కది."

పిల్ల విదిలించుకుని, నవ్వుకుంటూ కల్లం వైపు పరుగెత్తింది. చేతులు రెండూ గాల్లో ఉన్నాయి.