మాట పడిపోయిన కంప్యూటరు

మా కంప్యూటరుకు మాట పడిపోవడం పోయిన ఎండాకాలంలో మొదలైంది. ఒక్కసారిగా పడిపోయి ఉంటే పోయిందిలే అని మూలన పెట్టేవాణ్ణి. అది మూడు రోజులు మాట్లాడేది, నాలుగో రోజు పలికేది కాదు. మళ్లీ బుద్ధి పుట్టినప్పుడు తనంతట తనే పలికేది.

నాకు చూపు లేదు. ముప్పై నాలుగేళ్లకు నీటికాసుల జబ్బుతో పోయింది. అంతకుముందు మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో గుమాస్తాగా చేసేవాణ్ణి. కళ్లు పోయినా టైపు తెలిసిన వేళ్లు మిగిలాయి. ఒక స్నేహితుడు తన పాత లాప్‌టాప్ ఇచ్చి, అందులో డబ్బు కట్టనక్కర్లేని, ఎవరైనా విప్పి చూసి బాగుచేసుకోగలిగిన ఆపరేటింగ్ సిస్టం వేసి, తెర మీద ఉన్నదంతా చదివి వినిపించే ప్రోగ్రాం పెట్టి పోయాడు. దాని గొంతు మొద్దుగా ఉండేది. తెలుగును నమల్లేక నమిలినట్టు పలికేది. అయినా చూపు పోయిన ఆరేళ్లకు, ఎవరినీ బతిమాలకుండా నేను చదువుకున్న మొదటి వాక్యం అది వినిపించిందే. ఆ రోజు ఏడ్చాను.

ఆ గొంతు పుణ్యాన పని దొరికింది. హైదరాబాదులో ఒక కంపెనీ వాళ్లు, రైతులు ఫోన్లో మాట్లాడిన రికార్డులు పంపుతారు. విని, టైపు చేసి, సాయంత్రం ఆరులోపు పంపాలి. మూడు నెలలు చూస్తామన్నారు, ఆలస్యం లేకుండా చేస్తే ఉంచుకుంటామన్నారు. తర్లుపాడు పక్కన మా ఊళ్లో, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల చేత పాపం అనిపించుకోవడమే అప్పటిదాకా నా ఉద్యోగం. ఈ పని నాకు కావాలి. చూపు తిరిగి రావాలని కూడా నేనంతగా కోరుకోలేదు.

మాట పోయినప్పుడు ఫ్యాను తిరుగుతున్నట్టు వినిపిస్తుంది, మీటలు నొక్కిన చప్పుడు వినిపిస్తుంది, అంతే. రైతుల రికార్డులూ వినపడవు. ఏ పేజీలో ఉన్నానో, టైపు చేసింది ఎక్కడ పడుతోందో తెలియదు. ఆపి మళ్లీ వేసేవాణ్ణి. పాడె దించి చెవిలో మూడుసార్లు పిలుస్తారు కదా, అట్లా మూడుసార్లు. దింపుడు కళ్లం ఆశ. ఒక్కోసారి నిజంగానే లేచి పలికేది, నా ఖర్మ కొద్దీ.

"నీకు కండ్లు లేవు, దానికి నోరు లేదు. బాగా కుదిరినారు అల్లుడా," అన్నాడు పక్కింటి ముసలాయన. నవ్వాను గానీ లోపల మండింది.

మాట ఉన్న రోజు చూసుకుని, ఆ సిస్టం వాడేవాళ్లంతా ఇంటర్నెట్లో తమ తిప్పలు రాసుకునే చోట నా గోడు రాశాను. ముక్కూ మొహం తెలియని వాళ్లు జవాబిచ్చారు. తప్పు సౌండ్ డ్రైవరుది కావచ్చట. సిస్టం చెప్పిన మాటను స్పీకరు చిప్పుకు అందించే చిన్న ప్రోగ్రాం అది. అది ఎందుకు ఊరుకుంటోందో తెలియాలంటే, మాట పోయినప్పుడే తెర మీద ఏం వస్తోందో చూసి, ఉన్నదున్నట్టు రాయమన్నారు. మాట పోతే నేను తెర చదవలేను, మాట ఉంటే తెర మీద తప్పే ఉండదు. అదే రాశాను.

ఇంట్లో కళ్లున్నది నా భార్యకు. ఉన్న ఒక్క స్మార్ట్ ఫోను ఒంగోలు హాస్టల్లో చదువుకునే మా అమ్మాయి దగ్గర ఉంది. నా భార్య మార్కాపురం దారిలో, పలకలకు చెక్క అంచులు బిగించే షెడ్డుకు పోతుంది. పొద్దున ఆటోలో పోతే నాలుగింటికి వస్తుంది. ఏడో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలు రావు. వచ్చి చేతులు కడుక్కుని నా పక్కన కూర్చునేది. నేను కంఠతా పట్టిన కమాండ్లు కొట్టేవాణ్ణి, ఆమె తెర మీది అక్షరాలు ఒక్కొక్కటే చెప్పేది.

"ఈ, ఆర్, ఆర్, ఓ, ఆర్. రెండు చుక్కలు, ఒకదాని మీద ఒకటి. మళ్ల సందు."

"మొదటిది పెద్దక్షరమా, చిన్నదా?"

"పెద్దదే. నీ కోపమంత ఉంది."

పది వరుసలు అయ్యేసరికి ఐదు దాటేది. ఆ రోజు పని ఆలస్యమయ్యేది.

ఎవరో ఒక సెట్టింగు మార్చమన్నారు. మార్చాను. ఆరు రోజులు పలికింది. ఏడో రోజు పోయింది. ఇంకొకరు ఇంకోటి చెప్పారు. దాంతో నాలుగు రోజులు పలికింది. మా నాయన బోర్లు వేయించింది కూడా ఇట్లాగే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిక్కిన చోటల్లా వేయించాడు. తడిమట్టి వస్తే చాలు, ఊరంతా చెప్పుకొచ్చేవాడు. తర్వాత వచ్చేది దుమ్మే. నా భార్య కోడలిగా వచ్చిన ఏడాదే అట్లాంటివి రెండు చూసింది. నేను ఆరు రోజుల సంబరంలో ఉంటే, "తడిమట్టే కదా వచ్చింది, నీళ్లు పడనీ," అంది.

జవాబులు రాసేవాళ్లలో ఒకాయన ఒక ప్రశ్న అడిగాడు. లాప్‌టాప్ మూత మూస్తుంటారా? మూస్తే మిషను నిద్రపోతుందట, మళ్లీ లేచినప్పుడు సౌండ్ చిప్పు లేవకపోవచ్చట. నేను మూయను. ఆమెను అడిగాను.

"ఊడ్చేటప్పుడు మూస్తా. పలకల దుమ్ము నా చీరెతోనే ఇంట్లోకి వస్తుంది కదా, దాని మీద పడుతుందని మూసి, గుడ్డ కప్పి, అయినాక తెరుస్తా. ఏంది?"

నాకు ఒళ్లు తెలియలేదు. నా నోటికాడి కూడు లాగేసింది నువ్వేనన్నాను. ఇంకెప్పుడూ దాన్ని ముట్టుకోవద్దన్నాను. "సరే," అంది. ఆ గది ఊడ్చడమే మానేసింది.

తొమ్మిది రోజులు పలికింది. కాళ్ల కింద దుమ్ము గరగరలాడుతుంటే నా మాటే నిజమైందని మురిసిపోయాను. పదో రోజు పొద్దున, ఎవరూ మూయకుండా, ముట్టకుండా, కందిచేను ఎండిపోతోందని ఒక రైతు చెబుతుండగా మధ్యలో పోయింది.

ఆ రోజు ఆమె వచ్చినా అడగడానికి నోరు రాలేదు. పని పంపకుండానే ఆరు దాటింది. మర్నాడూ మూగదే. నాలుగింటికి ఆటో ఆగిన చప్పుడు వినిపించగానే సిగ్గు విడిచాను.

"కొంచెం చదువుతావా?"

చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. "ముట్టుకోవద్దన్నావు. చూడొచ్చు కదా?" అంది. దెప్పడం లేదు, నిజంగానే అడిగింది.

"తప్పు నాది," అన్నాను. "నువ్వు మూసినందుకు కాదు."

తెర వైపు జరిగింది. "మధ్యలో డబ్బా మాదిరి వచ్చింది, నిండా ఇంగ్లీషు," అంది. చదవమన్నాను.

"డబ్ల్యూ, ఈ. సందు. ఆర్, ఈ, జీ, ఆర్, ఈ, టీ."

అక్కడికే నాకు తెలిసిపోయింది. చింతిస్తున్నామని మొదలయ్యే ఉత్తరాలు బడిలో నేనే టైపు చేసేవాణ్ణి. అయినా ఆపమనలేదు. ఆమె మునుపటికంటే చురుగ్గా చదువుతోంది. పెద్దక్షరాలు, చుక్కలు, సందులు నేనడక్కుండానే చెబుతోంది. ఇన్నాళ్లలో నేర్చుకుంది. ఆలస్యం అన్న మాట రెండుసార్లు వచ్చింది. నా పని శుభ్రంగా ఉందని కూడా రాశారు కంపెనీ వాళ్లు. రేపటి నుంచి రికార్డులు రావని చివరి వరుస.

"చివర చుక్క. అయిపోయింది," అంది. "అన్నీ సరిగ్గా చదివినానా?"

"ఒక్క అక్షరం తప్పు పోలేదు."

"ఇప్పుడన్నా దొరికిందా, ఎక్కడ చెడిందో?"

"దొరికింది," అన్నాను.

ఆమె తేలిగ్గా ఊపిరి వదిలింది. లేచి, ఇన్ని రోజుల తర్వాత ఆ గదిలోకి చీపురు తెచ్చింది. రెండు విసుర్లు ఊడ్చి ఆగింది.

"దుమ్ము లేస్తాంది. మూత మూయనా, వద్దా?"

"మూసెయ్," అన్నాను.