ఇనుప తూటాల మసి

పోయిన ఏడాది మే నెల రెండో శనివారం, ఉదయం పదకొండు దాటి ఇరవై నిమిషాలకు నా కూతురి తుపాకీ ఇరుక్కుపోయింది. గంట అంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడు గోడ గడియారం వైపు చూడటం తప్ప నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇవాళ వంటింట్లో, ఇక్కడివాళ్లు ప్రెస్ అనే అల్మారాలో టీపొడి కోసం వెతుకుతుంటే, తుపాకీ నూనె మరకతో నా పాత తువాలు ముక్క చేతికి తగిలింది. వాసన చూశాను. టీ సంగతి మరిచిపోయాను.

నా కూతురు ఈ పరాయి దేశంలో, ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు. వారమంతా మనుషుల ఊపిరితిత్తులు వింటుంది. శనివారం వస్తే మేముండే స్వోర్డ్స్ ఊరి నుంచి గంట దూరం కారు నడుపుకుంటూ వెళ్లి, ఓ క్లబ్బులో బోర్లా పడుకుని కాగితాల మీద గురి చూస్తుంది. ఈ పిచ్చి నా నుంచే అంటుకుంది, కాదనను. జిల్లా పోలీసు ఆయుధశాలలో ఇరవై ఎనిమిదేళ్లు తుపాకులు తుడిచాను. అక్షరం రాదని రిజిస్టరు ముట్టనిచ్చేవారు కాదు. చదవడం నలభై ఎనిమిదో ఏట, ఈ పిల్ల రెండో తరగతి వాచకంలో నేర్చుకున్నాను. అప్పటిదాకా నా చదువంతా వేలికొసలతోనే.

అల్లుడు గుంటూరు వైపు మనిషి, సిటీవెస్ట్ అనే పేటలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. తుపాకీ పట్టడు గాని దాని మీద సలహాలిస్తాడు. సాధనకు చవక ఇనుప తొడుగు తూటాలు చాలన్నది ఆయనే. నెలంతా అవే కాల్చింది. తప్పేం లేదు, ప్రతి తూటాకూ చేత్తో గడియలా లాగి మూసే బోల్టు తుపాకీ మొండిది, ఏది పెట్టినా మింగుతుంది. కాని పేలినప్పుడు ఇత్తడి తొడుగు సాగి గది గోడకు అంటుకున్నట్టు ఇనుము అంటుకోదు. ఆ సందులోంచి మసి వెనక్కి వచ్చి, తూటా కూర్చునే గదిలో పేరుకుంటుంది. అమ్మాయి గొట్టాన్ని తళతళలాడించేది, గదిని వదిలేసేది. డాక్టరుకు శుభ్రం గురించి నేను చెప్పేదేమిటని ఊరుకున్నాను. అది నా తప్పు.

ఆ శనివారం నేనూ అల్లుడూ వెంట వెళ్లాం. అమ్మాయి పదిహేను నిమిషాల్లో పది తూటాలు కాల్చాలి. పదీ నల్ల వలయంలో పడితే క్లబ్బు జట్టులో చోటు. అప్పటికి రెండుసార్లు తప్పింది, ఆ ఏడాదికి ఇదే ఆఖరు. అందుకని మంచి ఇత్తడి తూటాలు తెచ్చుకుంది. ఏడోది పేలాక బోల్టు పిడి పైకి లేచింది గాని వెనక్కి రాలేదు; ఇత్తడి తొడుగు సాగి గదిలోని మసిలో అతుక్కుపోయింది. ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

"సుత్తి ఉందేమో అడగనా మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"నీ లాప్‌టాప్ ఆగితె సుత్తితోనే కొడ్తవా?"

"అది కాదండీ, నెలంతా ఇనుపవి బానే పేలాయి. ఖరీదైనవే మొరాయించాయి, చూడండి."

"నెల దినాలు తిని కంచం కడగలే. ఇయ్యాల అండ్లనే పాయసం పోసి, పాయసం మంచిగ లేదంటున్నవ్."

కాల్చేవాళ్లు తప్ప ఎవరూ నేల మీది పసుపు గీత దాటకూడదు. లైసెన్సు నా పేరున లేదు గనక తుపాకీ మీద వేలు పెట్టకూడదు. రేంజి చూసుకునే పెద్దావిడ నా మోచెయ్యి పట్టుకుని "యూ ఆర్ గ్రాండ్ దేర్" అంది, కదలొద్దని అర్థం. చేతులు వెనక్కి కట్టుకుని, నా కూతురి చెవిమూతలు దాటి వినపడేలా అరిచాను.

"బిడ్డా, గుంజకు. మూతి అటే ఉండనీయ్. ఇరవై లెక్కవెట్టు, సల్లారనీ."

"టైమైపోతాంది బాపూ."

"పోనీ. ఇప్పుడు పిడిని అరచేత్తోని ఎనుకకు కొట్టు. ఇంకొక్కటి."

తొడుగు టంగుమని బయటపడింది, ఒళ్లంతా మసి. భుజం మీది తువాలు రెండు ముక్కలుగా చింపి గీత మీదుగా విసిరాను.

"గొట్టం గాదు, గది. గిన్నె తోమినట్టు సుట్టూ తిప్పు. నీ సంచిల నూనె పూసి ఒక గుడ్డ, అది అయినంక పొడి గుడ్డ."

తోమింది. ఆసుపత్రిలో కూడా అంత శ్రద్ధ పెట్టి ఉండదు. రెండు నిమిషాలుండగా మళ్లీ పడుకుని మిగిలిన మూడూ కాల్చింది. తొమ్మిది లోపలే పడ్డాయి, పదోది నల్ల వలయం అంచును కొరికింది. పెద్దావిడ భూతద్దం పెట్టి చూసింది, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది, "ఇన్" అంది, లోపల పడ్డట్టే. అల్లుడు నన్ను అమాంతం ఎత్తి గిర్రున తిప్పాడు. నా బూటు ఊడి గీత అవతల పడింది. దానికి లైసెన్సు ఉందా అని అడిగింది పెద్దావిడ. ఇందాక నేను ఏమని అరిచానో కూడా అడిగింది.

"గిన్నెలు తోమమన్నాడు," అని ఇంగ్లీషులో చెప్పి, నా కూతురు నేల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వింది. అంత నవ్వు ఆమె ఈ దేశం వచ్చాక నేను చూడలేదు.

ఆ ఆరు నిమిషాలు ఎంత పొడుగ్గా సాగాయో, ఆ తర్వాతి ఏడాది అంత పొట్టిగా అయిపోయింది. ముఖాలు నిలుస్తున్నాయి, పేర్లు జారిపోతున్నాయి. అందుకే ఇప్పుడే రాసి పెడుతున్నాను. ఆ రోజు అక్కడున్నది రేంజి పెద్దావిడ మేవ్, పక్క వరసలో మా కోసం తుపాకీ దించి ఆగిన డెక్లన్, అల్లుడు శ్రీకాంత్, కూతురు స్వరూప, గీత ఇవతల నేను, మల్లయ్య.